పిడకల గోడ దగ్గర పందెం కబుర్లు

మా తుమ్మలపట్టిలో రంగమ్మాళ్‌కు సొంతంగా ఒక్క దూడ కూడా ఉండేది కాదు. ఆవిడకున్న ఆస్తి ఒక వెదురు గంప, పిడకలు కొట్టుకునే మట్టిగోడ ఒకటి, ఆ పైన నోరు. అయినా మాలె గుడి ఎద్దుల పందెం నెల రోజులుందనగా చుట్టుపక్కల పల్లెల మగవాళ్లంతా ఏదో ఒక వంక పెట్టుకుని ఆ గోడ దగ్గరికి వచ్చేవాళ్లు. ఈసారి ఏ ఎద్దు గెలుస్తుందో ఆవిడ నోట వినాలని వాళ్ల ఆశ. నేరుగా అడుగుదామంటే మాత్రం మీసాలు అడ్డొచ్చేవి.

ఈ సంగతులన్నీ మా తాత చెల్లప్ప చెప్పినవి. ఆ రోజుల్లో మా ఊరి ఎద్దు పక్కన పరుగెత్తినవాడు ఆయనే. తన గురించి చెప్పేటప్పుడు ఒకటికి రెండు కలిపేవాడు. రంగమ్మాళ్ మాట వచ్చేసరికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేవాడు, ఎందుకంటే ఆవిడకు కలపవలసిన అవసరం ఉండేది కాదు.

మేము వాడిపట్టికి పడమటి పక్క నల్లరేగడి పల్లెల వాళ్లం. తాతల తాతలనాడు మందలు తోలుకుని ఈ మధుర సీమకు వచ్చామంటారు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం. ఊరూరా ఒక సామి మంద ఉండేది. ఆ మందలోని ఎద్దుకు కాడి కట్టరు, దాన్ని అమ్మరు, ముక్కుతాడు వేయరు. రెండేళ్లకొకసారి కోతలయ్యాక పదహారు పల్లెల సామి ఎద్దులనూ కోసు దూరంలో ఉన్న ఎల్లరాయి దగ్గర నిలబెట్టి మాలె గుడి వైపుకు వదిలేవాళ్లు. గుడి అంటే గోపురం కాదు, ముళ్లకంచె మధ్య గుండ్రంగా నాటిన పదహారు రాళ్లు. కంచె వాకిట్లో పసుపు చల్లిన తెల్లగుడ్డ పరుస్తారు. దాన్ని ముందుగా దాటిన ఎద్దు ఊరికి మూడు నిమ్మకాయలు, దోసెడు పసుపు ఇస్తారు. మూడు నిమ్మకాయల కోసం ఇంత గోలా అని వాడిపట్టి సంతలో ఒక వర్తకుడు నవ్వాడట. రెండేళ్లపాటు మావాళ్లు వాడి దగ్గర ఉప్పు కూడా కొనలేదు.

రంగమ్మాళ్ పన్నెండేళ్లకు కాపురానికి వచ్చింది, ఇరవై నిండకముందే మొగుణ్ణి పోగొట్టుకుంది. అప్పటినుంచి పేడ ఏరి పిడకలు కొట్టి బతికింది. తెల్లవారకముందే గంప నెత్తిన పెట్టుకుని పల్లెల మేత బీళ్లన్నీ తిరిగేది. అలా తిరిగి తిరిగి మందలను వాటి యజమానుల కంటే బాగా చదువుకుంది. పేడ విరిచి చూసి ఎద్దు నిన్న ఏం తిన్నదో చెప్పేది. ఇసుకలో గిట్టల గుర్తు చూసి ఏ ఊరి ఎద్దో, ఏ కాలు బరువుగా వేస్తున్నదో చెప్పేది. ఆవిడకు పందెం అంటే ప్రాణం, అంతే. ముప్పై ఏళ్లలో ఒక్క పందెం తప్పిపోనివ్వలేదు. కంచె బయట ఆడవాళ్లు నిలబడే బండ మీద అందరికంటే ముందు చేరి, గెలిచిన ఎద్దు తెల్లగుడ్డ దాటే ఆ ఒక్క క్షణం కోసం రెప్ప వేయకుండా చూసేది. తర్వాత రెండేళ్లు దాని గురించే మాట్లాడేది.

ఆవిడకు లోపాలు లేవని నేననను. మచ్చల ఎద్దు అంటే గిట్టదు. ఎందుకంటే ఎందుకో చెప్పదు. ఒకసారి మచ్చల ఎద్దే గెలిచింది. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పిడకలు ధనాధన్ గోడకు కొట్టింది. తర్వాత, "గెలిచె. గెలిచినా అది మచ్చల ఎద్దే కదా" అని తేల్చేసింది.

నేను చెప్పబోయేది ధాత కరువు పోయాక జరిగిన మొదటి పందెం సంగతి. దానికి నెల ముందు ఒక పొద్దున మా ఊరి పెద్ద అయ్యసామి నాయకర్ ఆ గోడ దగ్గరికి వచ్చాడు. ఆయనకు యాభై, ఆవిడకు అరవై.

"రంగక్కా, రవ్వంత నిప్పు ఉండాదా?" అన్నాడు.

"మీ ఇంట్ల పొయ్యి ఆరిపోయెనా నాయకరే? నిప్పు కావాలంటే ఇస్తాను, తీసుకొని పోండి. పందయం సంగతి కావాలంటే కూర్చోండి."

నాయకర్ కూర్చున్నాడు. దారిన పోతున్నట్టు నటిస్తున్న మరో పదిమంది కూడా వచ్చి చేరారు. వాళ్లలో మా తాత ఒకడు, అప్పటికి పాతికేళ్ల వాడు.

"కొట్టంపట్టి తెల్లెద్దు ఎట్ల ఉండాదక్కా?"

"అందగాడు. నడుస్తాంటే నలుగురూ చూస్తాండారా లేదా అని ఓరచూపు చూస్తాది. అట్లాటోడు పెండ్లికి పనికొస్తాడు, పందయానికి కాదు."

"పెరియకుళం వాళ్లది?"

"దానికి పత్తివిత్తులు దండిగా పెడతాండారు. పేడ చూస్తిని, నెయ్యి పూసినట్ల మెరస్తాది. వాగు దాకా బాగా వస్తాది. ఆడ దానికి ఇల్లు జ్ఞాపకం వస్తాది."

"మచ్చల..."

"దాని మాట నా ముందర ఎత్తొద్దు."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు, చేతిలో పేడముద్ద గుండ్రంగా తట్టుకుంటూ అసలు మాటకు వచ్చింది. "గెలిచేది కల్లుమేడు వాళ్ల కారి. నల్లటి దయ్యం అది. ఇసకలో దాని వెనకకాలు ముందరకాలు గుర్తు దాటి జానెడు అవతల పడతాది. అట్ల నడిచే ఎద్దుని నా బతుకులో రెండిటినే చూస్తిని. రెండూ గెలిచె."

ఇక అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది, అది మా ఊరి ఎద్దు గురించి. దాని పేరు సెవల. ఎర్రటి ఒళ్లు, బయటికి కనిపించే ఎముకలు. మా సామి మందలో కరువు మిగిల్చిన ఒకే ఒక్క ఎద్దు అది.

ఇక్కడ ఒక కట్టుబాటు చెప్పాలి. మాలె గుడిలో పదహారు రాళ్లు పదహారు ఊళ్లవి. ఏ ఊరి ఎద్దయినా వరసగా మూడు పందేల్లో తెల్లగుడ్డ దాటకపోతే ఆ ఊరి రాయిని పీకేస్తారు. ఆ తర్వాత ఆ ఊరివాళ్లు ఇంకో ఊరి రాయి వెనక చుట్టాల్లా కూర్చోవాలి. ఊళ్ల పెద్దల కూటంలో వాళ్ల మాట చెల్లదు, తగవు వస్తే వాళ్ల తరఫున ఎవరూ లేవరు, సంబంధాలకు కూడా వాళ్ల గడపను ఆఖరున తొక్కుతారు. గాలికుంటు వచ్చిన ఏడు మేము ఎద్దును పంపలేదు. కరువు ఏడు ఎద్దుకు నిలబడే సత్తువే లేక పంపలేదు, వాగు కింద ఊళ్లవాళ్లు మాత్రం పంపారు. ఈసారి మూడోది. సెవల గుడ్డ దాటకపోతే తుమ్మలపట్టి రాయి లేదు.

"మన సెవల?" అన్నాడు మా తాత చివరికి.

రంగమ్మాళ్ పేడముద్దను గోడకు కొట్టింది. "కడేసిగా వస్తాది, అన్నిటి వెనక" అంది.

కుర్రాళ్లకు రోషం వచ్చింది. ఊరి ఎద్దును పట్టుకుని అట్లా అంటావా అని ఒకడు, నోటి మాటకైనా గెలుస్తుందని చెప్పరాదా అని ఇంకొకడు. ఆవిడ లెక్కపెట్టలేదు. "ఎముకలు చూస్తాండారు కదా. అబద్ధం చెప్తే దానికి కండ పడతాదా? కడేసిగా వస్తాది. కానీ వస్తాది. ఉరుమి మోత ఆగకముందే గుడ్డ దాటతాది. అది నేను చెప్పే మాట."

అయ్యసామి నాయకర్ తల వంచుకున్నాడు. ఎద్దు దారిలో పడిపోతే ఊరి పరువు నలుగురి ముందు పోతుందని ఆయన భయం. కూటం పెద్ద వెంకటపతి నాయకర్ కాళ్లు పట్టుకుని, కరువు చూసి క్షమించమని అడుగుదామా అన్నాడు.

"అడుక్కొని తెచ్చుకునే రాయి మీద మీరు కూర్చుంటారా నాయకరే? నేనైతే కూర్చోను" అంది రంగమ్మాళ్. ఆడవాళ్లు కూటంలో ఎటూ కూర్చోరు. ఆ సంగతి అక్కడున్న ఒక్క మగవాడికీ గుర్తు చేసే ధైర్యం లేకపోయింది.

సెవల ఎట్లా బతికిందో చెబితేగాని ఆవిడ మాటకు అంత విలువ ఎందుకో తెలియదు. కరువులో మా మందలో నలభై తలలు పోయాయి. మనుషులు దొరగారి కొత్త రోడ్డుకు కంకర కొట్టి గంజి తాగి వచ్చేవాళ్లు. పశువుకు గంజి ఎవరు పోస్తారు? అప్పుడు రంగమ్మాళ్ తన ఇంటి పైకెక్కి కప్పు మీది గడ్డి పీకి సెవల ముందు వేసింది. వాన లేనప్పుడు కప్పెందుకు అంది. ఆవిడ కప్పు అయిపోయాక పక్కింటివాళ్లు ఒక కట్ట పీకారు, తర్వాత వాళ్ల పక్కింటివాళ్లు. సాయంత్రం పూట ఆవిడ వీధి చివర నిలబడి, "దా సెవలా, దా దా" అని పిలిచేది. అది ఇంటింటి ముందు ఆగి చూరు అందినంత మేరకు తనే లాక్కుని తినేది. ఎవరూ అదిలించలేదు. తాము పస్తులుండి, ఇళ్లు విప్పి ఎద్దును మేపిన ఆ మనుషులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. వానలు పడేనాటికి ఊరంతా బోసి వాసాలే.

పందెం రోజు మా ఊరినుంచి పిల్లాజెల్లా ఎనభైమంది వెళ్లారు. పద్నాలుగు ఎద్దులు వచ్చాయి. మాలె గుడి దగ్గర ఉరుమి డోలు మోగింది, ఎల్లరాయి దగ్గర ఎద్దులను వదిలారు. పక్కన పరుగెత్తేవాళ్లకు మూడు కట్టుబాట్లు ఉన్నాయి. తాడు వేయకూడదు, కర్ర ఎత్తకూడదు, ఒంటిమీద చెయ్యి వేయకూడదు. నోటితో ఎంతైనా అరుచుకోవచ్చు. దారిలో దుమ్ము కనిపించినంతసేపు ఉరుమి మోగుతుంది. దుమ్ము అణిగిందని వెంకటపతి నాయకర్ చెయ్యెత్తితే ఉరుమి ఆగుతుంది, గుడ్డ చుట్టేస్తారు. ఆయన ముఖం చూసి మాట్లాడే మనిషి కాడు. తన సొంత అల్లుడి ఊరి ఎద్దు పది అడుగుల దూరంలో ఉండగా గుడ్డ చుట్టించాడని పేరు.

రంగమ్మాళ్ బండ మీద నిలబడి చూస్తోంది. దూరంగా దుమ్ము లేచింది. మిగతావాళ్లకు అది వట్టి దుమ్మే. ఆవిడ అందులో కొమ్ములు లెక్కపెట్టుకుంటోంది. "కారి ముందర ఉండాది. కొట్టంపట్టి అందగాడు రెండు. వాగు దాటె..." అంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎర్రటిది ఎక్కడా లేదు. మందకు వెనక కూడా లేదు.

"అయ్యయ్యో, గుడిసె!" అని నుదురు కొట్టుకుంది.

ఎద్దులు వచ్చే బాట కొత్త రోడ్డును దాటే చోట కావలివాడి గుడిసె ఒకటి వెలిసింది. నిరుటి గడ్డితో కొత్తగా కప్పిన గుడిసె, చూరు ఎద్దు మూతికి సరిగ్గా అందే ఎత్తు. పదహారు పల్లెల ఎద్దుల పేడ విరిచి చదివిన మనిషి, తన చేత్తో తనే నేర్పిన అలవాటును లెక్కలోకి తీసుకోవడం మరిచిపోయింది. గెలిచే ఎద్దు ఇంకో రెండు నిమిషాల్లో గుడ్డ దాటబోతోంది. ఆవిడ బండ దిగి, దారికి అడ్డం రాకుండా చేలగట్ల వెంట పరుగందుకుంది. ఆ గుడిసె అక్కడికి అర మైలు.

గుడిసె దగ్గర మా తాత అవస్థ చూడాలి. సెవల కాళ్లు నిలదొక్కుకుని చూరు లాక్కుని తీరిగ్గా నములుతోంది. కావలివాడు బయటికొచ్చి, "ఏయ్, మాట్టై పిడిడా!" అని అరవంలో కేకలు. ఎద్దును పట్టుకోమంటాడు. పట్టుకుంటే పందెం పోతుంది. మా తాత దానికి దండాలు పెట్టాడు, బతిమాలాడు, ఏడ్చాడు కూడా. ఏడవలేదని మొదట్లో చెప్పేవాడు, ముసలితనంలో ఒప్పుకున్నాడు.

రంగమ్మాళ్ రొప్పుతూ వచ్చింది. ఎద్దును తిట్టలేదు. "తప్పు నాదిరా చెల్లప్పా. దాన్నేమనొద్దు" అంది. కావలివాడి వైపు తిరిగి, "అన్నా, రేపు నేనే వచ్చి నీ కప్పు వేస్తాను" అంది. తర్వాత ఎద్దుకు వీపు పెట్టి గుడివైపు నడుస్తూ, ఆ కరువు సాయంత్రాల గొంతుతో పిలిచింది.

"దా సెవలా, దా దా."

సెవల తలెత్తింది. నోట్లో గడ్డి వేలాడుతుండగానే కదిలింది. ఆవిడ నడక పెంచితే అదీ పెంచింది. ఆవిడ కుచ్చెళ్లు ఎగదోపి పరుగెత్తితే అదీ పరుగెత్తింది. అరవై ఏళ్ల మనిషి, గులకరాళ్ల బాట, చెప్పులు లేవు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, గిట్టల చప్పుడు వింటూ పోయింది. "సెవలతో పరుగెత్తాను అని ఊళ్లో చెప్పుకుంటాను గాని, ఆ పూట నేను వాళ్లిద్దరి వెనకే పరుగెత్తాను" అనేవాడు మా తాత.

గుడి దగ్గర పదమూడు ఎద్దులు వచ్చేశాయి. కేకలు, ఈలలు. దారిలో దుమ్ము పలచబడింది. వెంకటపతి నాయకర్ నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తర్వాత ఆ చెయ్యిని పైకి లేపబోయాడు. అయ్యసామి నాయకర్ గొంతు పెగుల్చుకుని, "దుమ్ము! అదిగో దుమ్ము!" అని అరిచాడు. అది ఎద్దు లేపిన దుమ్మో, గాలి లేపినదో చెప్పడం కష్టం. అంత చిన్న దుమ్ము. పెద్దాయన చెయ్యి సగంలో ఆగింది. ఉరుమి కొట్టేవాడు ఆ చేతినే చూస్తూ కొట్టాడు.

దుమ్ములోంచి ముందు ఒక ముసలావిడ బయటపడింది, వెనక ఎర్రెద్దు. ఆడది తెల్లగుడ్డ తొక్కకూడదు. వాకిలి ఇంకో పదడుగులుందనగా రంగమ్మాళ్ పక్కకు దూకింది. పక్కన చోటు లేదు, ముళ్లకంచె ఉంది. ఆ కంచెలోనే పడింది. సెవల ఆవిడ పిలుపు ఎటు పోయిందా అన్నట్టు ఒక్క క్షణం తటపటాయించి, వచ్చిన ఊపులో గుడ్డ దాటి లోపల రాళ్ల మధ్య నిలబడింది. అప్పుడు ఉరుమి ఆగింది.

పెరియకుళం మనిషి ఒకడు లేచి, ఆడమనిషి బాట తొక్కింది గనక ఇది చెల్లదన్నాడు. వెంకటపతి నాయకర్ మా తాతను పిలిచి ప్రమాణం చేయించి అడిగాడు. "తాడు వేసెనా?"

"లేదు సామీ."

"కట్టె ఎత్తెనా?"

"లేదు."

"చెయ్యి వేసెనా?"

"లేదు సామీ. వీపు పెట్టి నడిచె, అంతే."

"అట్లయితే ఎద్దు వచ్చె. తుమ్మలపట్టి రాయి ఆడనే ఉంటాది" అన్నాడు పెద్దాయన. మా అయ్యసామి నాయకర్ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మా ఆడవాళ్లు రంగమ్మాళ్‌ను కూర్చోబెట్టి ఒంటిలోని ముళ్లు తీస్తున్నారు. చేతులూ కాళ్లూ రక్తం. ఊరంతా చుట్టూ మూగింది. ఒకరు కాళ్లకు దండం పెడుతున్నారు, ఒకరు మజ్జిగ తాగమంటున్నారు. ఆవిడకు అవేవీ పట్టలేదు.

"గెలిచింది ఏది? కారేనా?"

"ఆమా అక్కా, కారే. నువ్వు చెప్పినట్లే" అన్నాడు నాయకర్.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఎట్ల దాటె? గుడ్డ తొక్కెనా, ఎగిరి దూకెనా? ఏ కాలు ముందర పెట్టె? తోక ఎత్తి ఉండెనా?"

నాయకర్ పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు తన పెళ్లాం వైపు చూశాడు. రంగమ్మాళ్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది. అందరూ నేల చూపులు చూశారు.

"ఒక్కరూ చూడలేదా?"

"మేమందరూ దారి దిక్కే చూస్తాంటిమి అక్కా" అన్నాడు నాయకర్ మెల్లగా. "సెవల వస్తాదేమో అని."

ఇక ఆవిడ తిట్టిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఇట్లాంటి ఎద్దు మళ్లీ పుడుతుందా, పందయానికి వచ్చి గెలిచే ఎద్దుకు వీపు చూపించే ఊరు లోకంలో ఎక్కడైనా ఉందా, మీకు దేవుడు కళ్లెందుకు ఇచ్చాడు అని ఎనభైమందినీ వాయించింది. ముప్పై ఏళ్లలో తొలిసారి తను చూడలేకపోయింది. ఆ బాధ నిజమైనది. మజ్జిగ చెంబు పక్కకు నెట్టి లేచి, అవతల నిమ్మకాయలు పట్టుకుని సంబరంలో ఉన్న కల్లుమేడు వాళ్ల దగ్గరికి ఆ కాళ్లతోనే కుంటుకుంటూ పోయి కూర్చుంది. మా తాత వెనకే వెళ్లాడు.

"మీ కారి గుడ్డ ఎట్ల దాటెనో మొదటినించి చెప్పండి. ఒక్క అడుగు కూడా విడవద్దు" అంది.

వాళ్లు ఆశ్చర్యపోయారు. "ఏమవ్వా, మీ ఊరి జనం ఇంతమంది ఈడనే నిలిచి ఉంటిరి కదా. ఒక్కరు కూడా చూడలేదా?"

రంగమ్మాళ్ నిటారుగా సర్దుకుని కూర్చుంది.

"మా వాళ్లకి యాడ తీరిక?" అంది. "మా ఎద్దు వస్తాండె."